గ్రిమ్‌స్కార్ కొండ మీద పొగమంచు

కెల్డ్‌సైడ్,
12 జులై 1976

రోజలిండ్‌కు ఆశీస్సులు.

నన్ను ఎనిమిదిమంది మగవాళ్లు స్ట్రెచర్ మీద మోసుకుని గ్రిమ్‌స్కార్ కొండ దించారన్న మాట నీ దాకా వచ్చిందని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. అది అబద్ధం. వచ్చినవారు ఇద్దరే. కింది పొలం ఏమోస్ థ్వైట్, అతనికి తోడుగా పోస్ట్‌మన్. వాళ్లు స్ట్రెచర్ తెచ్చిన మాట వాస్తవమే. అయితే దిగేటప్పుడు దాని మీద ప్రయాణం చేసినవి పోస్ట్‌మన్ కోటు, టీ ఫ్లాస్కు మాత్రమే. నేను నా కాళ్ల మీద నడిచి వచ్చాను.

జరిగింది ఇంతే. గురువారం ఉదయం ఎప్పటిలాగే కొండకి బయలుదేరాను. థ్వైట్ల గుమ్మం పక్కన వేలాడే పలక నీకు గుర్తుండే ఉంటుంది. కొండకి వెళ్లేవారు పేరూ దారీ దాని మీద సుద్దతో రాసి, తిరిగి వచ్చాక తుడిచేసి పోవడం ఈ లోయ మర్యాద. రాశాను. సాయంత్రం వంట వేళకి కూడా నా పేరు అలాగే ఉండటం చూసి ఏమోస్ భార్య హెట్టీ కంగారు పడింది. నేను అప్పటికి కొండ మీద సున్నపురాతి పరుపు నడుమ కూర్చుని ఉన్నాను. పొగమంచు కమ్మింది. ఆ పరుపంతా నెర్రెలమయం. కొన్ని మోకాలి లోతు, కొన్ని మనిషి లోతు. పొగమంచులో అక్కడ అడుగు వేయడం బుద్ధిమంతుల పని కాదు. కనుక కూర్చున్నాను. దీన్ని తప్పిపోవడం అనరు. నేనెక్కడున్నానో నాకు స్పష్టంగా తెలుసు.

ఏమోస్ వస్తూనే, "ఏంది టీచరమ్మా, ఇక్కడ బడి పెట్టావా? పిల్లలేరీ?" అన్నాడు.

"నీ కోసమే కాచుకున్నాను. ఆలస్యంగా వచ్చావు, గోడకుర్చీ వెయ్యి" అన్నాను.

పోస్ట్‌మన్ పడీ పడీ నవ్వాడు. ఎనిమిదిమంది కథ అతని సంచిలో నుంచే ఊళ్లు తిరిగిందని నా అనుమానం.

ఒక మనవి. నీ ఉత్తరాలు నీలం సిరాతో, అందులోనూ వెలిసిన నీలంతో ఉంటున్నాయి. ఉత్తరానికి నల్ల సిరా మర్యాద. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే మరీ మంచిది. మీ ఆయన క్లైవ్‌ని అడిగానని చెప్పు.

నీ మేనత్త,
ఇజబెల్ క్యాప్‌స్టిక్


లీడ్స్,
17 జులై

అత్తయ్యా, నమస్కారాలు.

నల్ల సిరా కొన్నాను. మీరు క్షేమంగా ఉన్నందుకు ఎంత ఊరట పడ్డానో చెప్పలేను. ఇక్కడ ఎండకి తార్రోడ్డు బూటుకి అంటుకుంటోంది. తోటలకి నీళ్లు పెట్టొద్దన్నారు, క్లైవ్ తన గులాబీలకి స్నానాల తొట్లో నీళ్లు మోసి పోస్తూ పక్కింటివాళ్లు చూస్తే ఈల వేస్తూ నిలబడుతున్నాడు.

మీరు కోప్పడినా సరే, మనసులో మాట రాస్తున్నాను. దేశం మొత్తం మీద చినుకు లేక ఎన్నాళ్లయింది? మీ కొండ ఒక్కదాని మీదికే పొగమంచు ఎక్కడి నుంచి వచ్చింది? హెట్టీకి ఫోన్ చేసి అడిగాను. "మంచేందమ్మా! ఆ రోజు ఆకాశం తుడిచిన అద్దంలా ఉంది. మా కోళ్లు నోళ్లు తెరుచుకుని పడున్నాయి" అంది.

ఇంకోటి. మీ చేతిరాత. ఒక వాక్యం మీదికి ఇంకో వాక్యం ఎక్కిపోతోంది. ఒక్క అక్షరం పక్కకి వాలినా నా చేత పేజీ అంతా మళ్లీ రాయించిన మీరేనా? క్లైవ్ వాళ్ల అమ్మకి ఇలాగే మొదలైంది అత్తయ్యా. లేనివి ఉన్నాయనేది, చూడనివి చూశాననేది. చివరికి మమ్మల్నే గుర్తుపట్టలేదు.

మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. ఎండ బాగా వస్తుంది. పెద్దవాళ్లు ఒంటరిగా కొండ ఎక్కకూడదని నేను అనడం లేదు. మీరు ఎక్కకూడదు అంటున్నాను. ఆలోచించండి.

మీ
రోజలిండ్


కెల్డ్‌సైడ్,
21 జులై

రోజలిండ్‌కు,

నీ వెనక గదిలో ఎండ బాగా వస్తుందన్న సమాచారానికి ధన్యవాదాలు. నా ఇంట్లోనూ వస్తుంది.

పొగమంచు అని నేను రాసినదానికి నాదైన కారణం ఉంది. నువ్వు నా మాట మీద నమ్మకం లేక హెట్టీ కోళ్ల సాక్ష్యం తీసుకున్నావు. ముప్ఫై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పిన మనిషి మాటకి కోడి నోటిపాటి విలువ లేదన్నమాట. సరే, కానివ్వు.

కొండ సంగతి అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే నాకు చెప్పుకోదగినది అదొక్కటే. ఈ ఏడు గ్రిమ్‌స్కార్ ఎముకలా తెల్లగా ఉంది. సున్నపురాయి మీద మామూలు రోజుల్లోనే నీరు నిలవదు. పడ్డ చినుకు పడ్డట్టే నెర్రెల్లోకి జారిపోయి, కొండ కడుపులో ఎక్కడెక్కడో తిరిగి, అడుగున ఊటగా బయటపడుతుంది. ఈసారి పైనున్న మడుగు కూడా ఎండింది. అందుకని ఏమోస్ కొండకీ కింది ఊటకీ నడుమ అడ్డంగా సాగే పెద్దగోడ గేటు బార్లా తీసి, దాన్ని పైవైపు గోడకి ఆనించి పురికొసతో కట్టేశాడు, గొర్రెలు కింది ఊట దగ్గర తొట్టికి వచ్చిపోవడానికి. ఆ మందకి ఇప్పుడు అదొక్కటే నీరు.

ఆ గోడకి పైన ఆ గొర్రెలకి కంచె లేదు, కాపరి లేడు. ఏ రాయి దాకా తమది, ఏ వాగు గీత దాటితే పరాయిది అన్నది పిల్లగా ఉన్నప్పుడు తల్లి వెంట తిరిగి నేర్చుకుంటాయి. ఆ తల్లి దాని తల్లి వెంట నేర్చుకుంది. ఏమోస్ తాత కాలం నుంచీ ఆ పాఠం తెగలేదు. "పన్నులు కట్టవు గానీ మాకన్నా వీటికే ఈ కొండ మీద హక్కు టీచరమ్మా" అంటాడు. వాటిని తెచ్చి నీ వెనక గదిలో, ఎంత ఎండ వచ్చినా సరే, కట్టి చూడు. ఏం జరుగుతుందో నీకే తెలుస్తుంది.

కాళ్లు కదిలినంత కాలం నేను కొండకి వెళతాను. పలక మీద పేరు రాసే వెళతాను. ఇంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను.

ఇ. క్యాప్‌స్టిక్


లీడ్స్,
31 జులై

అత్తయ్యా,

ఇది చదివి మీరు కాగితం చింపేస్తారని తెలుసు. అయినా మీకు తెలియకుండా చేసినట్టు ఉండకూడదని రాస్తున్నాను. మీ ఊరి డాక్టరుకి రాశాను. ఆయన ఒకసారి వచ్చి కొన్ని మామూలు ప్రశ్నలు అడుగుతారు, అంతే. మీ మీద ఓ కన్నేసి ఉంచమని ఏమోస్‌కి కూడా చెప్పాను. "కన్నేయడానికి నాకు నడుం పట్టేసి మంచం దిగే దారి లేదు, అయినా ఆవిడ మీద కన్నేస్తే పీకి చేతికిస్తది" అన్నాడు.

గొర్రెల గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. నన్ను గాయపరచాలనే రాశారు కదూ? నాకు ఏడేళ్లప్పుడు నా సంచి నా చేతే మోయించి ఆ కొండ ఎక్కించింది మీరు. నాకున్న మేనత్త మీరొక్కరే. నెర్రెలో పడి ఎవరికీ కనబడకుండా పోతే నేనెలా బతకను?

మీ
రోజలిండ్


కెల్డ్‌సైడ్,
7 ఆగస్టు

రోజలిండ్‌కు,

నీ డాక్టరు వచ్చాడు. మర్యాదస్తుడు, బూట్లు గుమ్మంలో విడిచాడు. ఇవాళ ఏ వారం అని అడిగాడు. చెప్పాను. వందలో నుంచి ఏడేడు తీసేసుకుంటూ రమ్మన్నాడు. రెండు దాకా వచ్చి ఆగి, "సున్నా కిందికి కూడా వెళ్లమంటారా, లేక టీ తాగుతారా?" అని అడిగాను. టీ తాగాడు. నా బుద్ధి నిక్షేపంలా ఉందని నీకు రాస్తాడు. అయినా నువ్వు నమ్మవు. ఇంకో కోడిని అడుగుతావు.

కనుక నేనే చెబుతున్నాను. నీ జాలి కోసం కాదు. నా బుద్ధి మీద నువ్వు వేసిన మచ్చ తుడుచుకోవడానికి. చెడింది బుద్ధి కాదు, చూపు. ఈ వసంతంలో మొదలైంది. చూపు నడిమధ్యన ఒక మసక మచ్చ నిలిచిపోయింది. దేన్ని చూడబోతే అది ఉండదు. దాని చుట్టూ ఉన్నవి మాత్రం ఉంటాయి. నీ ముఖం వైపు చూస్తే నాకు నీ చెవులు కనిపిస్తాయి. స్కేలు అడ్డం పెట్టుకుని ఈ గీతలు రాస్తున్నాను. నీ ఉత్తరాలు భూతద్దంతో ఒక్కొక్క అక్షరంగా ఏరుకుంటున్నాను. నల్ల సిరా మర్యాద అందుకే.

ఆ గురువారం ఎండ నిట్టనిలువుగా ఉంది. తెల్లటి రాతి మీద నల్లటివన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది నీడో ఏది నెర్రో తేలలేదు. కాలెత్తాను గానీ ఎక్కడ మోపాలో తెలియలేదు. అందుకే కూర్చున్నాను. నేను పొగమంచు అన్నది దాన్నే. దానికి వేరే పేరు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

అంతమాత్రాన నేను ఇల్లు పట్టుకుని కూర్చోలేదు. రాతి పరుపు జోలికి పోను, గోడ వెంట పోతాను. గోడ మీద చెయ్యి వేస్తే కొండంతా చేతికే తెలుస్తుంది. పోయిన వారం బుధవారం కూడా పై మలుపు దాకా వెళ్లి, దారిలో ఒక్క గేటు కూడా మరవకుండా తీసి, వేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగి వచ్చాను. నా చూపు సంగతి హెట్టీతో గానీ ఏమోస్‌తో గానీ అనకు. వైద్యం విషయం నాకు వదిలెయ్.

ఇజబెల్


లీడ్స్,
12 ఆగస్టు

అత్తయ్యా, నా బంగారు అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి వంటింట్లో కూలబడి ఏడ్చాను. క్లైవ్ ఎవరో పోయారనుకున్నాడు. సంతోషంతో ఏడుస్తున్నానని చెబితే అతనికి అర్థం కాలేదు. కళ్లే కదా! ఒట్టి కళ్లే! నేను ఎన్నెన్ని ఊహించుకున్నానో. ఇది కంటి శుక్లం అత్తయ్యా. మా వీధిలో మిసెస్ పికర్‌గిల్‌కి ఇదే. ఆపరేషన్ చేసి లావు అద్దాలిచ్చారు, ఇప్పుడు ఎదురింటివాళ్లు ఏం తింటున్నారో కూడా చెబుతోంది. ఇక్కడ మంచి కంటి డాక్టరు దగ్గర సెప్టెంబరు ఆరున చూపించడానికి మాట్లాడేశాను. నాలుగో తారీకు శనివారం మేమే కారులో వచ్చి తీసుకెళతాం. ఆ తర్వాత కొండా మీరూ మీ ఇష్టం. నేను నోరెత్తను. నేనూ వస్తాను, నా సంచి నేనే మోసుకుంటాను.

మీ చూపు సంగతి ఎవరితోనూ అనలేదు. హెట్టీయే ఫోన్ చేసింది, పాపం ఏడుస్తూ. ఎవరో పెద్దగోడ గేటు మూసేశారట కదా! ఏమోస్ నడుంతో మంచం మీద ఉండి కొండకి పోలేదట, ఆదివారం కర్ర పట్టుకుని వెళ్లి చూస్తే ఆడ గొర్రెల్లో ముప్పాతిక వంతు ఆ గేటు దగ్గరే చచ్చి పడి ఉన్నాయట. పట్నం నుంచి గుడారాలతో వచ్చిన కుర్రాళ్ల పని అంటున్నారట. "గేటు కనబడితే చాలు మూసేయడమే తెలుసు సన్నాసులకి. అది ఎందుకు కట్టుందో ఆలోచించరు. వాళ్ల చేతులు విరగ్గొట్టాలి" అంది. నాకు మీరు అక్షరాల కన్నా ముందు నేర్పింది అదే: గేటు ఎలా ఉంటే అలా వదిలి పో. ఆ కుర్రాళ్లకి మీలాంటి మేనత్త లేకపోయింది.

రెండు రాత్రి గౌన్లు, చలికోటు సర్దుకోండి. మిగతావి నా దగ్గరున్నాయి.

మీ రోజీ


లీడ్స్,
25 ఆగస్టు

అత్తయ్యా,

రెండు వారాలైంది. జవాబు లేదు. ఫోన్ మోగుతోంది గానీ మీరు తీయడం లేదు. డాక్టరుకి రాసినందుకు ఇంకా కోపమా? తప్పే, ఒప్పుకుంటున్నాను. హెట్టీని అడిగితే, "ఉందిలే. పొయ్యి గొట్టంలో పొగ వస్తోంది" అని పెట్టేసింది. ఎప్పుడూ అరగంట మాట్లాడే మనిషి. మీరిద్దరూ ఏమైనా మాటా మాటా అనుకున్నారా? అన్నీ నాలుగో తారీకు శనివారం వచ్చాక మాట్లాడుకుందాం.

రోజలిండ్


కెల్డ్‌సైడ్,
31 ఆగస్టు

రోజలిండ్‌కు,

నాకు నీ మీద కోపం లేదు. అది మొదట తెలుసుకో.

నాది శుక్లం కాదు. ఏప్రిల్‌లో నేనే రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టరు నా మనుమడి వయసువాడు, నాకు మనుమలుంటే. కంటి వెనక పొర చెడిపోతోందని, దానికి కత్తి గానీ అద్దాలు గానీ లేవని, అంచుల్లో చూపు మిగులుతుందని, నడిమి చూపు తిరిగి రాదని చెప్పాడు. చెబుతూ నా చెయ్యి పట్టుకోబోయాడు. తీసేసుకున్నాను. నీతో ముందే అని ఉంటే నువ్వు వంటింట్లో కూర్చుని సంతోషంతో ఏడ్చి ఉండేదానివి కాదు. ఆ ఆరో తారీకు వేరే ఎవరికైనా ఇప్పించు.

గేటు మూసింది నేను.

ఆ బుధవారం పై మలుపు నుంచి గోడ మీద చెయ్యి ఆనించి దిగుతున్నాను. చేతికి గేటు కొయ్య తగిలింది, దానికి పురికొస తగిలింది. దారికి అడ్డంగా మూసి కట్టిన గేటు అనుకున్నాను. అది గోడకి ఆనించి తెరిచి కట్టిన గేటని చూడగలిగినవాళ్లకి తెలుస్తుంది. ముడి విప్పాను. గేటు పట్టుకుని దానితోపాటు నడిచాను. అది సందు దాకా తిరిగి వచ్చింది, నేను అవతలికి దాటాను, వెనక్కి లాగి గడియ పెట్టాను. పురికొస కూడా కట్టాను. ఎవరూ ఇంత శ్రద్ధగా కట్టరు. ఆ గేటు సంగతి నీకు నా చేత్తోనే రాశాను. ఏ గేటు దగ్గర ఉన్నానో ఆ క్షణాన నాకు తోచలేదు. నేనెక్కడున్నానో నాకెప్పుడూ తెలుసని కదా నా నమ్మకం.

నీ ఉత్తరం అందే దాకా నాకు గొర్రెల సంగతే తెలియదు. దాన్ని భూతద్దంతో ఏరుకుని చదవడానికి ఆ పూటంతా పట్టింది. మర్నాడు థ్వైట్ల ఇంటికి వెళ్లాను. ఏమోస్ పెరట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు.

"రా టీచరమ్మా. చూశావా మా బతుకు! గట్టి ముడి వేశారమ్మా లం... వెధవలు. నా వేళ్లకి రాలేదు, కోసి తియ్యాల్సొచ్చింది."

"ఏమోస్, ఆ ముడి నాది."

"ఊరుకో. నువ్వెందుకు వేస్తావు?"

"నాకు చూపు లేదు. గేటు మూసి ఉందనుకున్నాను."

అతని ముఖం నాకు కనిపించదు. కనుక ఏమనుకుంటున్నాడో తెలుసుకునే దారి లేకపోయింది.

"తూర్పు పక్క గోడ కూలిన సందు ఉంది" అన్నాడు చివరికి. "కుక్కపిల్లయినా కనుక్కునేది. ఇవి పోవు. వీటి దారి ఇదే. గేటు కాడే నిలబడినయ్. ఊట చప్పుడు అక్కడికి వినబడుద్ది టీచరమ్మా. వింటా నిలబడినయ్."

నేను నష్టం గురించి ఏదో మొదలుపెట్టబోయాను. చెయ్యి ఊపి ఆపేశాడు.

"సంతలో గొర్రెలు దొరుకుతయ్. ఈ కొండ తెలిసినవి దొరకవు. పిల్లలకి నేర్పే తల్లుల్లేవు. మా తాత మంద అయిపోయింది, అంతే." మళ్లీ తనే, "నువ్వెందుకు చెప్పావు?" అన్నాడు. "మొహం తెలియని కుర్రోళ్లని తిట్టుకుంటా బతికేవాణ్ని. ఇప్పుడు నిన్నెట్టా తిట్టేది?"

ఆ పని హెట్టీ చేసింది. వంటింటి గడప మీద నుంచి, "కళ్లు కనపడవని ఒక్క ముక్క చెప్పుంటే అరిగిపోయేదానివా? నేను నీ వెంట వచ్చేదాన్ని. చేతిలో పని పడేసి వచ్చేదాన్ని. నీకు మా అవసరం ఎప్పుడుందిలే!" అంది. పొయ్యి మీద కెటిల్ కూస్తోంది. లోపలికి వెళ్లి దాన్ని దించేసింది. టీ ఇవ్వలేదు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నుంచి టీ తాగకుండా రావడం అదే మొదలు. ఆమె అన్నదాంట్లో నేను దిద్దవలసిన అక్షరం ఒక్కటి లేదు.

లోయలో ఇప్పుడు అందరికీ తెలుసు. నేనే చెప్పాను, ప్రార్థన అయ్యాక మందిరం మెట్ల మీద నిలబడి, పట్నం కుర్రాళ్ల మీద మాట పోకుండా. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తప్పుకుని దారి ఇచ్చారు. ముసలివాళ్లకి ఇచ్చినట్టు.

నిన్న ఉదయం నుంచి వాన. మడుగు నిండుతూ ఉండాలి.

మా ఇంటి వెనక గోడలో కొండ వైపుకి ఒక చిన్న తలుపు ఉండేది. నేను ఈ ఇల్లు కొన్నది ఆ తలుపు చూసే. పోయిన గురువారం ఏమోస్‌కి కబురు పంపి, ఆ తలుపు ఊడదీసి, ఆ సందు రాళ్లతో పేర్చి మూసెయ్యమన్నాను. నడుం ఇంకా సరిగా లేదు, అయినా వచ్చాడు.

"తాళం వేసుకోరాదా?" అన్నాడు.

"తాళం తీయడం నాకు వచ్చు" అన్నాను.

పెద్ద రాళ్లు అతను పెట్టాడు. నడుమ దూర్చే చిన్న రాళ్లు నేను తడిమి ఏరి అందించాను. మా తాతల నాటి గోడల్లాగే, మట్టీ సున్నం లేకుండా. అయిపోయాక చేతులు దులుపుకుని, "పలక మీద నీ పేరు చోటు ఖాళీగానే ఉంచుతాలే" అన్నాడు. వద్దన్నాను. తలుపు చెక్కని అతనే భుజాన వేసుకుని వెళ్లాడు.

నువ్వు శనివారం కారు తేవద్దు. నేను లీడ్స్ రాను. నీ వెనక గదిలో నేను చేయగలిగింది ఏదీ లేదు, నా ఇంట్లో చేయలేనిదీ లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఇక ఎక్కడా లేదు. రొట్టె, పాలు వీధి గుమ్మానికి వస్తాయి. ఇకపై ఉత్తరాలు రాయడం నా చేత కాదు. నువ్వు రాస్తే చదివి పెట్టమని ఎవరినీ అడగను. నన్ను చూడాలనిపిస్తే రా, వద్దనను. వీధి వైపు నుంచి రా. ఇంటికి ఇప్పుడు ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. గోడ శుక్రవారం మధ్యాహ్నానికే పూర్తయింది.

ఇజబెల్ క్యాప్‌స్టిక్